చూసి చెబుతాను

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవం నాడు మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి, "మీరు రూల్సు బాగా తెలిసిన మనిషి. ఆ చదువు మీకు ఎలా అబ్బిందో సభలో నాలుగు మాటలు చెప్పండి. ప్రత్యేక సంచికలో కూడా వేసుకుందాం" అన్నారు. నేను వక్తను కాను. ముప్పై ఆరేళ్లు గుమస్తా ఉద్యోగం చేసినవాణ్ణి. నోట్ ఫైలు రాయడం తెలుసుగాని మైకు ముందు నిలబడడం తెలియదు. కాబట్టి నోట్ ఫైలు పద్ధతిలోనే, జరిగింది జరిగినట్టుగా, తేదీల వారీగా చెబుతాను. మధ్యలో నా తప్పొకటి కూడా చెబుతాను. అది చెప్పకుండా నా చదువు గురించి చెబితే సగం ఫైలు దాచి సంతకం పెట్టించుకున్నట్టు అవుతుంది.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరాను. ఒక తాలూకా కేంద్రంలో చిన్న కార్యాలయం. పెంకుటిల్లు, రెండు బీరువాలు, ఒక టైపు మిషను. ఆ రోజుల్లో ప్రమోషను రావాలంటే డిపార్టుమెంటల్ పరీక్షలు పాసు కావాలి. అందులో అకౌంట్ టెస్టు మొదటి భాగం మాబోటి గుమస్తాలకు పెద్ద గండం. దాన్ని పుస్తకాలు దగ్గర పెట్టుకుని, చూసి రాయవచ్చు. ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. చూసి రాసే పరీక్షకు చదవడం ఎందుకు? ఆఫీసులో ఉన్న పుస్తకాలన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకుని, తెల్లవారుజాము బస్సులో కాకినాడ వెళ్లి పరీక్ష హాల్లో కూర్చున్నాను.

మొదటి ప్రశ్నే సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి ఏమి చెల్లించాలి అన్నది. జవాబులో సగం జీతపు సెలవు మాట వస్తుందని ఎక్కడో విన్నాను. సెలవు అన్నారు కాబట్టి సెలవుల అధ్యాయం తిరగేశాను. ఒక చివరి నుంచి మరో చివరి దాకా తిరగేసినా దొరకలేదు. ఇరవై నిమిషాలు పోయాయి. నిజానికి అది ఫండమెంటల్ రూల్సులో 53వ రూలు. సబ్సిస్టెన్స్ అలవెన్సు ఎంత ఇవ్వాలో చెప్పడానికి సగం జీతపు సెలవు లెక్కను కొలతగా వాడతారు. అంతేగాని అది సెలవుల అధ్యాయంలో ఉండదు. పక్క బెంచీలో ఒక పెద్దాయన ఒకే ఒక పుస్తకం తెచ్చుకుని, దాన్ని రెండుసార్లు మాత్రమే విప్పి, ప్రశాంతంగా రాసుకుపోతున్నాడు. నా సంచిలో ఆరు పుస్తకాలు. నేను తప్పాను.

ఆ సంగతి మా హెడ్ క్లర్కు గారికి చెప్పి, "పుస్తకాలన్నీ పట్టుకెళ్లానండి, అయినా పోయింది" అన్నాను. ఆయన ముక్కుపొడి పట్టు పట్టి, "మోసుకెళ్లడానికి నువ్వే ఎందుకోయ్, కూలీ చాలడూ?" అన్నారు. అప్పుడు రోషం వచ్చింది. ఆ రోషంతో రెండో దఫాకి కూర్చుని చదివి 1976లో పాసయ్యాను. పాసైనట్టు వచ్చిన కాగితం సర్వీసు రిజిస్టరులో ఎక్కిన రోజున, పింఛను గురించి, జీతాల గురించి ఇక నాకు తెలియనిది లేదనుకున్నాను. ఆఫీసులో ఎవరు ఏ ప్రశ్న అడిగినా కుర్చీలోంచి కదలకుండా జవాబు చెప్పేవాణ్ణి. "పుస్తకం చూడనక్కర్లేదు, అతన్ని అడగండి" అని నలుగురూ అనేవారు. ఆ మాట వినడం నాకు బాగుండేది.

ఇక నా తప్పు సంగతి.

1981 ఆగస్టులో మా ఆఫీసు అటెండరు ఒకతను జ్వరం వచ్చి పది రోజుల్లో పోయాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి. భార్య, ఇద్దరు పిల్లలు. పెద్దవాడు ఆరో తరగతి. కుటుంబ పింఛను కాగితాలు తయారు చేసే పని నాది. సర్వీసు రిజిస్టరు తీశాను. 1973 జూన్‌లో టెంపరరీగా చేరాడు. 1976 ఏప్రిల్‌లో రెగ్యులర్ చేశారు. సర్వీసులో ఉండగా చనిపోయిన ఉద్యోగికి ఏడేళ్లకు తక్కువ కాని నిరంతర సర్వీసు ఉంటే, కుటుంబానికి కొంతకాలం పాటు హెచ్చు రేటున పింఛను వస్తుంది. ఏడేళ్లు లేకపోతే మామూలు రేటే. ఇది నాకు తెలుసు. మరి సర్వీసు ఎక్కడినుంచి లెక్క పెట్టాలి? "రెగ్యులర్ అయిన తేదీ నుంచే" అని మా ఆఫీసులో అందరూ అనేమాట. నేనూ అదే అనేవాణ్ణి. 1976 నుంచి 1981 దాకా అయిదేళ్ల చిల్లర. మామూలు రేటు వేసి పంపేశాను. పైన మంజూరు చేసేవారు కూడా నా లెక్కనే ఒప్పుకున్నారు.

ఆమె ఒకసారి ఆఫీసుకు వచ్చి, "బాబూ, మా పక్క వీధి బంట్రోతు గారి భార్యకు ఇంతకన్నా ఎక్కువ వస్తోందండి. నాకెందుకు రాదండి?" అని అడిగింది. నేను తలెత్తి చూశానో లేదో కూడా ఇప్పుడు గుర్తులేదు. "రూలు అంతేనమ్మా, మీ ఆయనకు ఏడేళ్లు నిండలేదు" అన్నాను. ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. రూలు అన్నాక ఆమె ఏమంటుంది?

1984 ఫిబ్రవరిలో మాకు కొత్త సూపరింటెండెంటు గారు వచ్చారు. వచ్చిన వారంలోనే పాత పింఛను ఫైళ్లన్నీ తన్‌ఖీ చేశారు. ఈ ఫైలు దగ్గర ఆగి నన్ను పిలిచి, "ఈ 1976 ఎక్కడిదయ్యా?" అని అడిగారు. చెప్పాను. "ఏ రూలు ప్రకారం?" అన్నారు. నా నోట మాట రాలేదు. ఎందుకంటే నేను ఏ రూలూ చూడలేదు. ఆయన బీరువాలోంచి రివైజ్డ్ పెన్షన్ రూల్సు 1980 పుస్తకం తీశారు. ఆ రూల్సు 1979 అక్టోబరు 29 నుంచి అమల్లోకి వచ్చాయి. పుస్తకం మా ఆఫీసుకు వచ్చి చాలా కాలమైంది. వచ్చినట్టు రిజిస్టరులో సంతకం పెట్టింది కూడా నేనే. విప్పి చూడలేదు. నేను పాసైంది పాత కోడ్ చదివి. పుస్తకం మారిందిగాని నా బుర్రలో ఉన్నది మారలేదు.

ఆయన 13వ రూలు విప్పి నా ముందు పెట్టారు. ఉద్యోగి మొదట నియమితుడైన పోస్టులో, పర్మనెంటుగా అయినా, టెంపరరీగా అయినా, చార్జి తీసుకున్న తేదీ నుంచి అర్హమైన సర్వీసు మొదలవుతుందని ఆ రూలు సారాంశం. ఈ అటెండరు 1973లో చేరిన నాటి నుంచి ఒక్కరోజు విరామం లేకుండా పనిచేశాడు. అంటే ఎనిమిదేళ్లు దాటింది. హెచ్చు రేటు రావలసిందే.

సవరణ ప్రతిపాదనలు నా చేతనే రాయించారు. ఆ ఏడాది చివరికి బకాయిలతో సహా మంజూరైంది. ఉత్తర్వు కాపీ నేనే స్వయంగా పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. బకాయి ఎంత వస్తుందో చెప్పి, "తప్పు నాదమ్మా, నేను చూసుకోలేదు" అన్నాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మంచినీళ్లిచ్చింది. "మా పెద్దోడు ఏడులో బడి మానేశాడండి. హోటల్లో కుదిరాడు. ఇప్పుడు మళ్లీ పంపుదామంటే వాడు వెళ్లనంటున్నాడు" అంది. అంతే.

బకాయి సొమ్ము పైసలతో సహా ఇప్పించగలిగాను. ఆ పిల్లవాడి రెండేళ్లకు బకాయి బిల్లు పెట్టే ఫారం ఏ కోడ్‌లోనూ లేదు.

ఆ రాత్రి నేను రెండు నిర్ణయాలు తీసుకున్నాను. ఒకటి, ఎవరేమి అడిగినా పుస్తకం చూడకుండా జవాబు చెప్పను. రెండు, మొదటినుంచి మళ్లీ చదువుతాను, ఈసారి పరీక్ష కోసం కాదు. పరీక్ష పాసు కావడం చదువు పూర్తి కావడం కాదని, అది చదవడానికి అనుమతి దొరకడం మాత్రమేనని అప్పటికి నాకు తెలిసింది.

ఎలా చదివానో చెబుతాను. ఇందులో గొప్పతనమేమీ లేదు. ఎవరైనా చేయగలిగిందే.

తెల్లవారి అయిదింటి నుంచి ఆరింటి దాకా ఒక గంట. రోజుకు ఒక్క రూలు. అంతకన్నా ఎక్కువ చదవను. చదవాలనిపించినా పుస్తకం మూసేసేవాణ్ణి. మొదట్లో హుషారుగా రోజుకు పది రూల్సు చదివి, పదిహేనో రోజున అటకెక్కించినవాళ్లను నేను చాలామందిని చూశాను. రోజుకొకటి చొప్పున మొత్తం ఒకసారి పూర్తి కావడానికి నాకు రెండేళ్లకు పైగా పట్టింది. ఆదివారం కొత్తది చదవను. ఆ వారం చదివిన ఆరూ మళ్లీ చూసుకునేవాణ్ణి.

మొదట నిర్వచనాలతో ప్రారంభించాను. పరీక్షకు చదివినప్పుడు అవి దాటేశాను. వాటిలో ఏముంటుందిలే అనుకున్నాను. ఉన్నదంతా వాటిలోనే ఉంది. ఉదాహరణకు జీతం అంటే ఏమిటి? ఇంట్లో మనం జీతం అంటే నెలాఖరున చేతికి వచ్చింది. ఫండమెంటల్ రూల్సులో 9వ రూలు, 21వ క్లాజులో దానికి వేరే అర్థం ఉంది. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం అందులోకి రావు. చివరి జీతంలో సగం పింఛను అని విని, చేతికి వచ్చే మొత్తంలో సగం వస్తుందని లెక్క వేసుకుని, ఇంటికి అప్పు తెచ్చి ఇబ్బంది పడినవాళ్లు మనలోనే ఉన్నారు. ఒక్క నిర్వచనం చదివి ఉంటే ఆ అప్పు తెచ్చేవారు కారు.

తరువాత ప్రతి రూలునూ చదివి, పుస్తకం మూసి, అందులో ఏముందో నా మాటల్లో తెలుగులో రాసేవాణ్ణి. మన రూల్సు వాక్యాలు ఇంగ్లీషులో అరపేజీ పొడవు ఉంటాయి. చదువుతున్నప్పుడు అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. మా ఆవిడకు చెప్పినట్టు తెలుగులో రాద్దామని కూర్చుంటే రెండో వాక్యం దగ్గర కలం ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో అక్కడ మనకు తెలియదన్నమాట. మళ్లీ పుస్తకం తెరవాలి. అలా రాసిన నోటు పుస్తకాలు పదకొండు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి.

రూలు చదివేటప్పుడు "అయితే" అనే చోట తప్పక ఆగాలి. ప్రొవైజో అంటామే, అదన్నమాట. రూలు ఇస్తానంటుంది, ప్రొవైజో ఎవరికి ఇవ్వనో చెబుతుంది. దాని కింద నోట్లు ఉంటాయి. వాటి కింద ప్రభుత్వం ఇచ్చిన వివరణలు ఉంటాయి. పైవాక్యం ఒక్కటి చదివి ఫైలు పెట్టిన గుమస్తా ఎప్పుడో ఒకప్పుడు మెమో అందుకుంటాడు.

ఇక తేదీలు. నా చదువులో సగం తేదీలే. ఈ రోజు మనం పండుగగా జరుపుకుంటున్న తీర్పే చూడండి. కేంద్ర ప్రభుత్వం 1979లో పింఛను లెక్కను ఉదారంగా మార్చింది. కాని 1979 మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరైనవారికే అన్నది. రక్షణ మంత్రిత్వ శాఖలో పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారా గారు, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఒకే రకం ఉద్యోగం చేసినవారిని ఒక తేదీ గీత గీసి రెండుగా విడదీయడం ఏమి న్యాయమని అడిగారు. 1982 డిసెంబరు 17న న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారి నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గీతను చెరిపేసింది. పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నది. ఇంత పెద్ద తీర్పుకు మూలం ఒక ఉత్తర్వులో ఉన్న ఒక్క తేదీ. దాన్ని గమనించినవాడు పింఛనుదారుడే.

మన రాష్ట్రంలో రిటైర్మెంటు వయస్సు సంగతి మీకందరికీ అనుభవమే. 58 ఉన్నదాన్ని 1983లో 55 చేశారు. ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిందో మనకు తెలుసు. తరువాత మళ్లీ 58 అయింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. ఎవరైనా వచ్చి "రిటైర్మెంటు వయస్సు ఎంత?" అని అడిగితే, "ఏ తేదీన? ఏ రాష్ట్రంలో?" అని ఎదురు ప్రశ్న వేయకుండా చెప్పే జవాబు తప్పే అవుతుంది.

అందుకే సవరణ స్లిప్పులు. జీవో రాగానే, ఆ రోజే, సంబంధించిన రూలు పక్కన స్లిప్పు అంటించి, జీవో నంబరు, తేదీ, ఏ తేదీ నుంచి అమలు అన్న మూడూ రాసేవాణ్ణి. మైదాపిండి ఉడికించిన జిగురు గిన్నె మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. బొద్దింకలు ఆ పుస్తకాలకు పట్టినట్టు దేనికీ పట్టేవి కావని మా ఆవిడ ఫిర్యాదు. రేపు అంటిద్దామని పక్కన పెట్టిన స్లిప్పు ఎన్నటికీ అంటించం. 1981లో నా బీరువాలో మూసిపెట్టిన పుస్తకం అలాంటిదే.

చదివిన రూలును లెక్కలో పెట్టి చూడాలి. లేకపోతే నిలవదు. ఒక చిన్న లెక్క చెబుతాను, పిల్లలు కూడా వినండి. మన రాష్ట్ర రూల్సులో సర్వీసును ఆరు నెలల ముక్కలుగా లెక్కిస్తారు. 66 ముక్కలు, అంటే 33 ఏళ్లు నిండితే పూర్తి పింఛను, చివరి జీతంలో సగం. మిగిలిన చిల్లర మూడు నెలలు గాని, అంతకు మించి గాని ఉంటే దాన్ని ఒక ముక్కగా కలుపుతారు. ఒకాయనకు 28 ఏళ్ల 4 నెలల సర్వీసు, చివరి జీతం 12,000 రూపాయలు అనుకుందాం. కలిపే వెయిటేజీ వగైరాలు పక్కన పెడదాం. 28 ఏళ్లకు 56 ముక్కలు. ఆ నాలుగు నెలలు వదిలేస్తే 6,000లో 66కు 56 వంతులు, 5,091 రూపాయలు. కలిపితే 57 వంతులు, 5,182 రూపాయలు. తేడా నెలకు 91 రూపాయలు. బతికినంతకాలం. దాని మీద కరువు భత్యం అదనం. గుమస్తా కంటికి ఆనని నాలుగు నెలలు, ఒక కుటుంబానికి నెలనెలా కొంత ఆసరా. ఇలాంటి లెక్కలు సొంతంగా కల్పించుకుని, జవాబు రాసి, వారం తరువాత మళ్లీ వేసి చూసుకునేవాణ్ణి. రెండు జవాబులూ కలవకపోతే ఆ రూలు నాకు రానట్టే.

నాకు తెలియనివి ఇంకా ఎన్ని ఉన్నాయో 1980ల చివర్లో హైదరాబాదులో డెప్యుటేషన్ మీద పనిచేసినప్పుడు తెలిసింది. మనం కోస్తా వాళ్లం ఫండమెంటల్ రూల్సుతో పెరిగాం. 1922 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నవి, మద్రాసు రాష్ట్రం నుంచి మనతో వచ్చినవి. 1956కు ముందు నిజాం సర్వీసులో చేరిన పెద్దల ఫైళ్లు తెరిస్తే హైదరాబాద్ సివిల్ సర్వీస్ రెగ్యులేషన్స్ అనే వేరే ప్రపంచం కనిపించింది. అక్కడి ఒక సీనియరు గుమస్తా గారు నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. సాయంత్రం టీ తాగుతూ ఆయన నాకు అవి చెప్పేవారు, నేను ఆయనకు 1980 రూల్సు చెప్పేవాణ్ణి. ఒకరికి చెప్పడంతో మన చదువుకు పరీక్ష జరుగుతుంది. ఆయన "ఎందుకు?" అని అడిగినప్పుడల్లా నేను మళ్లీ పుస్తకానికి పరుగెత్తేవాణ్ణి.

ఇలా ఏళ్లు గడిచాక ఏమైంది? రూల్సన్నీ కంఠస్థం అయ్యాయా? లేదు. ఇప్పటికీ నాకు కంఠస్థంగా వచ్చినవి చాలా తక్కువ. వచ్చిందల్లా ఏది ఎక్కడ ఉంటుందో, ఏ రూలు పక్కన ఏ రూలు చూడాలో, ఏ తేదీ దగ్గర అనుమానపడాలో తెలియడం. కాకినాడ పరీక్ష హాల్లో పక్క బెంచీ పెద్దాయన ఒక్క పుస్తకంతో ఎందుకు వచ్చాడో అప్పటికి అర్థమైంది. ఎవరైనా అడిగితే "చూసి చెబుతాను" అనడం అలవాటైంది. మొదట్లో ఆ మాట అనడానికి నామోషీగా ఉండేది. నలుగురూ, "ఏమయ్యా, ఇదివరకు టకీమని చెప్పేవాడివి, వయసు మీద పడుతోందా?" అని ఎగతాళి చేసేవారు. చేస్తే చేశారు.

2008లో రిటైరయ్యాను. చదువు మానలేదు, మానడానికి వీలు లేదు కూడా. కారణం మీకు తెలుసు. డెబ్బై దాటినవారి అదనపు పింఛను సంగతి చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 70 ఏళ్లకు 10 శాతం, 75 ఏళ్లకు 15 శాతం ఉండేది. 2022 జనవరిలో వచ్చిన ఉత్తర్వుల్లో 80 ఏళ్ల లోపువారికి తీసేశారు. ఫిబ్రవరిలో ఉద్యోగ సంఘాలతో చర్చలయ్యాక 7 శాతం, 12 శాతంగా మళ్లీ ఇచ్చారు. ఆ నెల రోజుల్లో మన సభ్యుల ఫోన్లలో ఎన్ని రకాల లెక్కలు తిరిగాయో! ఒకరు పోయిందన్నారు, ఒకరు పాతదే ఉందన్నారు, ఒకరు పదేళ్లనాటి జీవో పంపి ఇదే తాజా అన్నారు. పంపినవారెవరూ చెడ్డవారు కారు. నేను 1981లో చేసిన పనే చేశారు. విన్నది చెప్పారు.

కాబట్టి ఈ సభకు నా విన్నపాలు మూడు.

మొదటిది పింఛనుదారులకు. ఫోనులో వచ్చిన ఏ ఉత్తర్వునైనా పక్కవారికి పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నంబరూ తేదీ ఉన్నాయా? ఏ తేదీ నుంచి అమలు? నాకు వర్తిస్తుందా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే పంపకండి. నేను రిటైరైనప్పుడు పింఛనులో కొంత భాగం కమ్యూట్ చేసుకున్నాను. పదిహేనేళ్లకు అది తిరిగి కలుస్తుందని, 2023లో ఏ నెలలో చూసుకోవాలో ఆ రోజే డైరీలో రాసిపెట్టుకున్నాను. ఆ నెల రాగానే పింఛను స్లిప్పు తీసి సరిచూసుకున్నాను. అంతమాత్రం చదువు మనందరికీ చేతనవుతుంది.

రెండోది ఇక్కడికి వచ్చిన అమ్మలకు. మీ వారి పింఛను మంజూరు పుస్తకం, అంటే పి.పి.ఓ., ఎక్కడ ఉందో మీకు తెలియాలి. అందులో మీ పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఆయన ఉండగానే చూసుకోండి. ఆధార్‌లో ఒక పేరు, పి.పి.ఓ.లో ఒక పేరు ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. ఇది అశుభం మాట కాదు. నేను చూసిన అశుభాలన్నీ ఈ మాట చెప్పనివారి ఇళ్లలోనే జరిగాయి. ఏదైనా ఆఫీసులో గుమస్తా "రూలు అంతే" అంటే, "ఏ రూలండీ? నంబరు చెప్పండి" అని మర్యాదగా అడగండి. చదివిన గుమస్తా అయితే సంతోషంగా పుస్తకం విప్పుతాడు. చదవనివాడైతే, కనీసం ఆ రోజైనా విప్పుతాడు. నన్ను ఆ తల్లి ఆనాడు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. అడగడం ఆమె బాధ్యత కాదు, నాది. అయినా మీరు అడగండి.

మూడోది మన సంఘానికి. నెలకు ఒక ఆదివారం మన గదిలో గంటసేపు ఒకే ఒక రూలు చదువుకుందాం. ఉపన్యాసాలు వద్దు. పుస్తకం మధ్యలో పెట్టుకుని, ఒకరు చదవడం, ఒకరు తెలుగులో చెప్పడం, ఒకరు లెక్క వేయడం. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు కూడా రావచ్చు. 2004 సెప్టెంబరు 1న గాని, ఆ తరువాత గాని చేరినవారిని వేరే పథకంలో పెట్టారు కాబట్టి మన 1980 పింఛను రూల్సు తమకెందుకని వారు అనుకోవచ్చు. ఏ రూలు తమకు వర్తించదో తెలియడం కూడా చదువే. నా పదకొండు నోటు పుస్తకాలు ఆ గదికి ఇచ్చేస్తాను. అందులో పాతబడినవి చాలా ఉన్నాయి. ఏవి పాతబడ్డాయో కనిపెట్టడంతోనే మీ మొదటి పాఠం మొదలుపెట్టవచ్చు.

చివరగా ఒక్క మాట. ఆ పెద్దబ్బాయి ఇప్పుడు సొంతంగా టిఫిను హోటలు నడుపుతున్నాడు. యాభై దాటాయి. ఆ ఊరు వెళ్లినప్పుడల్లా అక్కడ కాఫీ తాగుతాను. డబ్బు తీసుకోడు, నేను ఇవ్వకుండా రాను. బాగానే ఉన్నాడు కదా, ఇంకా ఎందుకు బాధపడతారని మా ఆవిడ అంటుంది. నిజమే. కాని క్రితంసారి వెళ్లినప్పుడు బ్యాంకు నుంచి వచ్చిన ఇంగ్లీషు కాగితం ఒకటి నా చేతికిచ్చి, "ఏముందో చూడండి సార్" అన్నాడు. రెండు పేజీలు. కింద సన్న అక్షరాల్లో షరతులు ఉన్నాయి. కళ్లజోడు తీసి తుడుచుకుని, "చూసి చెబుతాను" అన్నాను. అక్కడే కూర్చుని, కాఫీ చల్లారిపోయినా లేవకుండా, చివరి అక్షరం దాకా చదివాకే చెప్పాను.

 నేను చెప్పినవాటిలో తేదీ గాని, రూలు నంబరు గాని తప్పుగా ఉన్నట్టు ఎవరికైనా తోస్తే సభ అయ్యాక పుస్తకం పట్టుకుని రండి. ఇద్దరం కలిసి చూద్దాం.